సున్నము పూసిన రాళ్ళు : ఆంగ్లసాహిత్యమున మూర్ నేలపై శీతకాలపు నడక

ప్రకృతికవిత్వమును గూర్చిన మన పరిశోధనవ్యాసములలో ఆంగ్లదేశపు మూర్ నేల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల దానిని వెన్నంటి వచ్చు మాట ‘ఏకాంతము’. మనుష్యసంచారము లేని విశాలస్థలము, ఎడతెగక వీచు గాలి, ఒంటరిగా నడచుచున్న భావుకుడు - ఈ మూడును ఒక్క చిత్రమై విద్యార్థుల మనస్సులలో నిలిచిపోయినవి. కారణము వెదకుట కష్టము కాదు. మన భావకవులు ఆంగ్ల కాల్పనికకవులనుండి గ్రహించినవానిలో ఏకాంతప్రీతి ముఖ్యమైనది. ఆ కవులను, వారి తరువాతి నవలాకారులను గూడ, మనము భావకవుల కిటికీగుండనే చూచుటకు అలవాటుపడితిమి. అందువలన మూర్ నేలపై పదిమంది కలిసి నడచిరనగానే అది సాహిత్యవిషయము కాదనియు, వట్టి విహారమనియు తలచి పుట త్రిప్పుచున్నాము.

ఈ వ్యాసమున చూపదలచినది యిందుకు భిన్నమైనది. ఉత్తర ఇంగ్లండునకు వెన్నెముకవలె నున్న పెన్నైన్ కొండలపై, చలికాలమున, జలాశయముల ప్రక్కగ గుంపుగ సాగు నడకకు ఆంగ్లసాహిత్యమున నొక వంశక్రమము కలదు. ఏకాంతమునకు పుట్టినిండ్లని మనము చెప్పుకొను నవలలలోనే దాని మూలములున్నవి. ఒంటరిగ నడచువాడు ఆ నేలను అనుభవించునేమో కాని, ఆ నేల యెట్లేర్పడినదో, ఎవరి యధీనమున నున్నదో, దాని నీరు ఎవరి యిండ్లకు పోవుచున్నదో మనకు తెలిపినవి కలిసి నడచినవారి వ్రాతలు. వానిని విడిచి మూర్ నేలను ‘ప్రకృతి’ యని వర్ణించువాడు సగము పాఠమును మాత్రమే చదివినవాడగును.

ముందుగ పదమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ‘మూర్’ అను మాటకు తెలుగున సరియైన పర్యాయము లేదు. ‘బీడు’ అందమన్నచో, బీడనగా దున్నదగియుండియు దున్నక విడిచిన నేల. నాగలి మరల వచ్చునను ఆశ ఆ మాటలోనే యున్నది. మూర్ నేలపై నాగలికి అంతటి ఆశ లేదు. ‘మైదానము’ చదునైనది, మూర్ నేల కొండల వీపులపై నుండును. ‘అడవి’ అందమన్నచో చెట్టు లేదు. మన ఆయుర్వేదకర్తలు దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగ విభజించిరి. చెట్లు తక్కువై గాలి యెక్కువైనది జాంగలము. నీరెక్కువై చిత్తడిగ నుండునది ఆనూపము. మూర్ నేల ఏకకాలమున ఈ రెండును. అది చెట్టునీడ యెరుగని గాలిమిట్ట. అడుగు తప్పినచో మోకాలివరకు దిగబడు ఊబియు నదియే. దీనికి కారణము పీటు - నాచును గడ్డియు వేలయేండ్లుగ కుళ్ళీకుళ్ళక పేరుకొని యేర్పడిన నల్లని మెత్తని మన్ను. దానిపై పెరుగు హెదర్ అను పొద వేసవి చివర ఊదారంగు పూలు పూచును. చలికాలమున మాడిన చీపురుకట్టవలె నుండును. అన్యభాషాపదమును అట్లే యుంచుకొనుట భాషకు లోపము కాదు. తప్పు పర్యాయము తప్పు దృష్టిని కల్పించును గనుక ‘మూర్’ అనియే వ్యవహరించుచున్నాను.

జలాశయము విషయమునను ఇట్టి చిక్కే కలదు. దానిని ‘చెరువు’ అనరాదు. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనము మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను చెప్పినది మన విద్యార్థులు చదివియే యుందురు. ఆ చెరువు తన కట్టక్రింది పొలమునకు నీరిచ్చును. పెన్నైన్ జలాశయము అట్టిది కాదు. అది తాను నిలిచిన లోయను ముంచి, ఆ లోయలోని యిండ్లను ఖాళీచేయించి, దూరమందలి నగరములకు నీరంపును. నాగార్జునకొండ లోయ నీట మునిగిన కథ నెరిగిన తెలుగువారికి ఈ భేదమును విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక చలికాలము. మన ప్రబంధములలో ఋతువర్ణన తప్పనిసరి. హేమంతశిశిరములు వానిలో చేరినవే. అయినను అచట చలి ప్రధానముగ శృంగారమునకు ఉద్దీపనము. పెన్నైన్ కొండలపై డిసెంబరు మాసమున పగలు సుమారు ఏడున్నర గంటలు మాత్రమే. సూర్యుడు ఎనిమిది దాటిన పిమ్మట ఉదయించి, నాలుగు కాకమునుపే క్రుంకును. మంచుతెర దిగినచో పది గజముల అవతలి మనిషి కనబడడు. అచట చలి ఉద్దీపనవిభావము కాదు; అది ప్రతినాయకుడు. ఈ భేదమును మనసున నుంచుకొన్నగాని తరువాతి పాఠముల తీరు బోధపడదు.

ఏకాంతవాదులు మొదట ఉదాహరించు గ్రంథము ఎమిలీ బ్రాంటె 1847లో ప్రకటించిన ‘వుదరింగ్ హైట్స్’. అందలి హీత్‌క్లిఫ్, కేథరిన్‌ల పేరు చెప్పగనే మూర్ నేల, గాలి, కట్టుబాటులేని ఆత్మ మనకు స్ఫురించును. కాని ఈ నవలలో పాఠకుని కన్నులయెదుట మొట్టమొదట సాగు మూర్ నడక ఎవరిది? వారిరువురిది కాదు. అది లాక్‌వుడ్ అను కొత్తగ వచ్చిన కౌలుదారుది. అతడు దక్షిణదేశపు నాగరకుడు. ఏకాంతమును కోరి ఆ ప్రాంతమునకు వచ్చితినని గర్వముగ చెప్పుకొనువాడు. చలికాలపు మధ్యాహ్నమున నాలుగు మైళ్ళు బురదలో నడచి హీత్‌క్లిఫ్ ఇంటికి పోవును. మంచు కురియ నారంభించును. తిరిగిపోవుటకు దారి చూపు మనిషిని పంపుడని యాచించును. ఆ యింట ఒక్కరును రారు. రాత్రి అచటనే గడిపి, పీడకలలు కని, తెల్లవారిన పిమ్మట హీత్‌క్లిఫ్ తోడుగ బయలుదేరును.

ఇచట రచయిత్రి యొక చిన్న వివరమును చేర్చినది. విమర్శకులు దీనిని తరచుగ దాటిపోవుదురు. దారి ప్రక్కన ఆరేడు గజముల కొకటి చొప్పున నిలువురాళ్ళు వరుసగ పాతబడియున్నవి. చీకటిలో దారి తెలియుటకై వానికి సున్నము పూసియున్నారు. ముందుదినము లాక్‌వుడ్ వానిని గమనించెను. తెల్లవారునప్పటికి మంచు కప్పి ఆ రాళ్ళ యునికియే తెలియకపోయెను. తోడు వచ్చినవాడు కుడికి, ఎడమకు తిరుగుమని పలుమారులు హెచ్చరింపవలసివచ్చెను. తోటవాకిట హీత్‌క్లిఫ్ విడిచిపోయిన తరువాత మిగిలిన రెండు మైళ్ళు లాక్‌వుడ్‌కు చెట్లలో దారితప్పి, మెడలోతు మంచులో మునిగి, నాలుగు మైళ్ళయినవి.

ఆ సున్నపురాళ్ళను ఎవరు పాతిరి? నవల చెప్పదు, చెప్పనక్కరలేదు. ఒకనాడు కొందరు కలిసి, తమవారు చీకటిలో దారితప్పకుండుటకై, తవ్వి, మోసి, పాతి, ఏటేట సున్నము పూసిరి. మూర్ నేల నిర్మానుష్యమనుకొన్న పాఠకుని కాలికి మొదట తగులునది మనుష్యసంఘము చేసిన గురుతు. ఏకాంతమును కోరివచ్చినవాని ప్రాణము నిలిచినది ఏకాంతమువలన కాదు. ఎమిలీ బ్రాంటె ఏకాంతమునకు కవయిత్రియే, కాదనలేము. అయినను ఆమె హావర్త్ గ్రామమున పెరిగినది. మంచులో ఏమి జరుగునో తెలిసినది. నవలకు ద్వారమున ఆమె నిలిపినది ఏకాంతపు స్తోత్రమును కాదు, ఏకాంతాభిమానిపై నొక హాస్యమును.

అక్క షార్లట్ బ్రాంటె అదే సంవత్సరమున ప్రకటించిన ‘జేన్ ఎయిర్’లో ఈ విషయము ఇంకను స్పష్టమైనది. ఈ నవల ఒక నడక జరుగకపోవుటతో మొదలగును. చలిగాలియు వానయు వచ్చి ఆనాటి సాయంకాలపు నడక ఆగిపోయినదని బాలిక జేన్ సంతోషించును. చలిమధ్యాహ్నములలో దూరపు నడకలు ఆమెకు గిట్టవు. ప్రకృతిప్రియయని మనము పాఠము చెప్పు నాయిక మొదటి పుటలో పలికిన పలుకు ఇది!

తరువాత లోవుడ్ పాఠశాల. చలికాలపు ఆదివారములలో ఆ బాలికలు రెండు మైళ్ళ దూరమందలి చర్చికి నడచిపోవలెను. తగిన చెప్పులు లేవు. మంచు బూట్లలో దూరి కరగును. చేతులకు తొడుగులు లేక వ్రేళ్ళు మొద్దుబారి వాచును. రెండు ప్రార్థనల నడుమ ఇంటికి వచ్చి పోవుటకు దూరమెక్కువ గనుక చల్లని మాంసము, రొట్టె కొంచెము పెట్టుదురు. తిరుగుదారి ఎత్తున, కొండలపై సాగును. ఉత్తరపుగాలి చెంపల చర్మమును ఒలుచును. తక్కిన ఉపాధ్యాయినులు తామే డస్సియుందురు. మిస్ టెంపుల్ ఒక్కతె తన దుప్పటి నొడలికి బిగించి చుట్టుకొని ఆ వ్రాలిన వరుస వెంబడి తేలికగ, వడిగ నడచుచు, సైనికులవలె ముందుకు సాగుడని పిల్లలకు ధైర్యము చెప్పును.

ఆంగ్లనవలలో గుంపుగ సాగు శీతకాలపు నడకకు ఇంతకంటె పూర్ణమైన ఉదాహరణమును నేనెరుగను. వరుస, చలి, ఆకలి, చెప్పులు, తిరుగుదారి, వరుసను కాచి నడచు నాయకురాలు - అన్నియు ఇందున్నవి. ఇది కేవలకల్పన కాదు. బ్రాంటె సోదరీమణులు నలుగురు కోవన్ బ్రిడ్జి పాఠశాలలో 1824-25లో చదివిరి. పెద్దవారిరువురు, మరియా, ఎలిజబెత్, 1825లో మరణించిరి. షార్లట్ ఆ నడకను మరువలేదు. ఆమె చిత్రించిన గుంపు స్వేచ్ఛతో కూడినది కాదు, బలవంతముగ కట్టబడినది. అయినను ఆ బలవంతములోనే యొక స్త్రీ ఇతరుల నడకను తన భారముగ నెత్తుకొనుట రచయిత్రి చూచినది. ఇది గమనింపదగినది.

ఇదే నవల 28వ ప్రకరణమున జేన్ ఒంటరిగ మూర్ నేలపై నడచును. విట్‌క్రాస్ అను నాలుగుదారుల కూడలియొద్ద బండివాడు ఆమెను దించిపోవును. అది వేసవి సాయంకాలము; మొదటి రాత్రి హెదర్ పొదలలో నిద్రించుట ఆమెకు తల్లియొడివలె నుండును. పాఠ్యసంకలనకర్తలకు ప్రియమైన భాగమిది. మరునాటినుండి ఆకలి, వాన, యాచన. చివరకు ఒక దీపమును చూచి ఒక యింటి గడపపై కూలబడుట. ఈ తరువాతి భాగమును సంకలనములలో చేర్చరు. విట్‌క్రాస్ వర్ణనలో మరల మన పాత గురుతు కనబడును: అది ఊరు కాదు, నాలుగు దారులు కలియుచోట నిలిపిన రాతిస్తంభము, దూరమునకును చీకటిలోను కనబడుటకై తెల్లగ పూయబడినది. అక్కచెల్లెండ్రిద్దరును ఒకే యేట వెలువడిన నవలలలో మూర్ నేల అంచున తెల్లపూత రాతిని నిలిపిరి. ఇది ఒకరినుండి ఒకరు గ్రహించినది కాదు. ఆ దేశపు కంటికి నిత్యము కనబడిన వస్తువు. డెర్బీషైరులో 1709లో న్యాయాధిపతుల యాజ్ఞచే నాటబడిన దారిస్తంభములు కొన్ని నేటికిని మూర్ నేలలపై నిలిచియున్నవి; వానిపై అంగడియూళ్ళ పేర్లు చెక్కియున్నవి. షార్లట్ 1845లో కొంతకాలము ఆ జిల్లాలోని హాథర్సేజ్ గ్రామమున నుండెను.

నవలలను విడిచి మరియొక జాతి వ్రాతలకు వత్తము. 1900 సెప్టెంబరు 2వ తేదీ ఆదివారమున షెఫీల్డు నగరమునుండి కొందరు కిండర్ స్కౌట్ అను మూర్ కొండను చుట్టి నడచిరి. వారిని పిలిచినవాడు జి. హెచ్. బి. వార్డ్, ‘క్లారియన్’ అను సామ్యవాదపత్రికలో ప్రకటన యిచ్చి పిలిచెను. షెఫీల్డ్ క్లారియన్ రాంబ్లర్స్ అను నడకసంఘము ఆ దినమున పుట్టినది. 1902నుండి ఈ సంఘము జేబులో పట్టు చిన్నపుస్తకమును ఏటేట ప్రకటించెను. దశాబ్దముల తరబడి దానికి సంపాదకుడు వార్డే.

ఈ చిన్నపుస్తకములు సాహిత్యమగునా? ఏ ఆదివారమున ఏ స్టేషనునుండి బయలుదేరవలెనో, ఎన్ని మైళ్ళో, దారి చూపువారెవరో మొదట ఉండును. తరువాత ఒక వాగు పేరునకు అర్థమేమి, ఒక బాట పూర్వము ఎవరిది, దానిని ఎప్పుడు మూసిరి, గుర్రములపై ఉప్పు మోసినవారు ఏ కనుమ దాటిరి, ఫలానా గొర్రెలకాపరి ఏమి చెప్పెను - ఇట్టివి. అలంకారశాస్త్రముతో కొలిచినచో ఇందు రసము దొరకదనువారుందురు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో పెద్ద పరివారముతో చేసిన యాత్రను వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ను మనము వచనవాఙ్మయమున ఉన్నతస్థానమున నిలిపితిమి. అందును ఆమడలు, మజిలీలు, నీటివసతి, దారి మంచిచెడ్డలే కదా ఉన్నవి! తన వెంట వచ్చువారి మేలుకై చూచిన చూపు, తరువాత రాబోవువారికై వ్రాసిన వ్రాత - ఆ గ్రంథమునకు విలువ నిచ్చినది ఇదియే. అదే కొలతను వార్డ్ పుస్తకములకును వర్తింపజేయుట న్యాయము. వీనిలోని ప్రతి వాక్యమును వెనుకవచ్చువాని నుద్దేశించి వ్రాయబడినది. సున్నపురాయికి గల గుణమిదే.

చలికాలపు నడక వీరికి ముచ్చట కాదు. ఉక్కుకార్ఖానలలో, మిల్లులలో పనిచేయువారికి ఆదివారమొక్కటే సెలవు. ఆ ఆదివారము జనవరిలోనిదైనను విడువరు. పగలు కురచ గనుక అడుగడుగునకు గడియారము చూడవలెను. మంచుతెరలో ఒకడు వెనుకబడినచో గుంపంతయు ఆగవలెను. ముందు దారి తెలిసినవాడు, చివర వెనుకబడినవారిని కాచువాడు. గుంపు వేగము మెల్లగ నడచువాని వేగమే. ఈ నియమముల వలన వీరి వచనమునకు ఒక లక్షణము కలిగినది. వర్ణన పొడుగు సాగదు. ఒక దృశ్యమును చూపి, వెంటనే అచటినుండి దిగుదారి చెప్పును. కాల్పనికకవి శిఖరమున నిలిచిపోవును. సంఘయాత్రికునికి చీకటిపడకముందు రైలు నందుకొనవలసియున్నది.

ఇందలి దోషములను దాచనక్కరలేదు. వార్డ్ తరచుగ ఉపదేశకుడగును. నడక శీలమును పెంచునని పలుమారులు నొక్కి చెప్పును. పౌరుషమును గూర్చిన మాటలు మితిమీరును. స్త్రీలు సంఘముతో మొదటినుండి నడచినను ఆ వచనమున వారి అడుగుల చప్పుడు సన్నగ వినిపించును. ఈ విషయమున షార్లట్ బ్రాంటె వ్రాసిన రెండు పుటలు వార్డ్ సంపుటములన్నిటికంటె ముందున్నవి.

ఇట్టి నడకలు పోవు దారిలో మొదట ఎదురగునవి జలాశయములు. షెఫీల్డుకు పడమరగ డెర్వెంట్ లోయలో మూడు కలవు. 1899లో ఏర్పడిన నీటిబోర్డు హౌడెన్ ఆనకట్టను 1912నాటికి, డెర్వెంట్ ఆనకట్టను 1916నాటికి ముగించెను. కట్టినవారికై బర్చిన్లీ అనుచోట రేకులయిండ్ల ఊరొకటి వెలసి, పని ముగిసిన పిమ్మట విప్పివేయబడినది. ‘రేకుల పట్టణ’మనియే దానికి పేరు. మూడవదైన లేడీబవర్ 1935-43 మధ్య కట్టబడి, 1945లో ఆరవ జార్జిరాజుచే ప్రారంభింపబడినది. దాని నీట ఆష్‌ప్టన్, డెర్వెంట్ అను రెండు గ్రామములు మునిగినవి. డెర్వెంట్ చర్చిగోపురమును కొంతకాలము నిలిపియుంచి, 1947లో పేల్చివేసిరి. నీరు మిక్కిలి తగ్గిన యేండ్లలో, 2018లోవలె, ఆ ఊరి రాళ్ళు బయటపడును. నీటిఅంచున నడచి డెర్వెంట్ ఎడ్జ్ అను రాతికట్టుపైకెక్కు గుంపులకు ఈ కథ తెలిసినచో ఆ నీరు ‘సరోవరము’గ కనబడదు. ఆ గట్టుకథ నెరుగక దాని ప్రశాంతిని వర్ణించు పద్యము, ఎంత చక్కనిదైనను, సగము గ్రుడ్డిది.

మూర్ నేల కథయు ఇట్టిదే. చెట్లులేమి దాని సహజగుణమని పాఠకుడనుకొనును. ప్రాచీనులు అడవి నరికిరి. తడివాతావరణము పీటును పెంచినది. గొర్రెలు మొలకల మేసినవి. తరువాత గ్రౌజ్ అను పక్షి వేటకై యజమానులు హెదరును పాయలుపాయలుగ కాల్పించిరి. ఆ వేట ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10న ముగియును. కాల్చుటకు అక్టోబరునుండి ఏప్రిల్ నడిమివరకు అనుమతి. కనుక చలికాలమున నడచువాడు చూచు నల్లని మచ్చలు ప్రకృతి గీసినవి కావు. 18, 19 శతాబ్దులలో ఉమ్మడినేలలు కంచెల పాలై, పూర్వపు బాటలు మూతబడినవి. వేటయజమాని పక్షుల పేరు చెప్పెను. నీటిసంస్థ నీటిశుద్ధి పేరు చెప్పెను. ఇరువురును నడచువానిని రావద్దనిరి.

1932 ఏప్రిల్ 24న హేఫీల్డునుండి కొన్నివందలమంది బయలుదేరి, కిండర్ జలాశయము ప్రక్కగ నడచి, విలియం క్లఫ్ అను వాగులోయ వెంబడి నిషిద్ధమైన మూర్ పైకెక్కిరి. వేటకాపరులతో పెనుగులాట జరిగెను. నాయకుడు బెన్నీ రాత్‌మన్ వయస్సు అప్పటికి ఇరువది. ఐదుగురికి రెండునుండి ఆరు నెలల వరకు చెరసాల పడినది. శిక్ష అతిక్రమమునకు కాదు, అల్లరికి. పాత నడకసంఘములలో పెక్కు దీనిని సమర్థింపలేదు, సంప్రదింపులు చెడుననిరి. పదునేడేండ్ల యువకుడుగ ఇందు పాల్గొనిన ఇవాన్ మెకాల్ అదే యేట ‘ది మాంచెస్టర్ రాంబ్లర్’ అను పాటను వ్రాసెను. ఉత్తమపురుషలో, ‘నేను’ అని సాగు పాట అది. అయినను పాడునప్పుడు పల్లవిని గుంపంతయు నెత్తుకొనును. ‘నేను’ అను మాట వందలమంది నోట ఒక్కసారి వెలువడుట - ఏకాంతము, సమూహము అను మన రెండు గదులలో దేనియందును ఇమడని స్థితి. ఆత్మాశ్రయకవిత్వమును గూర్చి పరిశోధించువారు దీనిని విచారింపవలెను.

తరువాతి చరిత్ర తెలిసినదే. 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చెను; 1951లో ఈ ప్రాంతము మొదటి జాతీయోద్యానమయ్యెను; 1965లో 268 మైళ్ళ పెన్నైన్ వే అను కాలిబాట ప్రారంభమయ్యెను; 2000 నాటి చట్టము మూర్ నేలలపై నడచుటకు హక్కు నిచ్చెను.

ఒక ఆక్షేపణ వినబడవచ్చును: గుంపు మాటలాడును, నవ్వును, తినును; మూర్ నేల మౌనమును చెరచును; మహాకవిత్వము ఒంటరివానిదే. టెడ్ హ్యూస్ 1979 నాటి ‘రిమేన్స్ ఆఫ్ ఎల్మెట్’ను ఇందుకు సాక్ష్యముగ చూపుదురు. అందున్న మూర్ నేల గంభీరమైనదే. కాని మూతబడిన మిల్లులు, ప్రార్థనామందిరములు, తరిగిపోయిన జనము - అందున్న దుఃఖమంతయు ఒక సమూహమును గూర్చినది. ఆ గ్రంథమునకు ఛాయాచిత్రములు తీసిన ఫే గాడ్విన్ తరువాత నడచువారి జాతీయసంఘమునకు అధ్యక్షురాలయ్యెను. ఎ. వైన్‌రైట్ సంగతి ఇంకను వింత. ఒంటరినడకను మిక్కిలి ప్రేమించినవాడు. పెన్నైన్ వే పీటుబురదను నిష్కర్షగ నిందించుచు 1968లో ఆ బాటకు మార్గదర్శిని వ్రాసెను. ఆ ఏకాంతప్రియుని పుస్తకము చేతబట్టి లెక్కలేనన్ని గుంపులు నడచినవి. తెలిసియో తెలియకయో ఆయన రాళ్ళకు సున్నము పూసెను.

గుంపు అన్నమాత్రమున క్షేమము కలుగుననుటయు సరికాదు. 1964 మార్చిలో ఇదే కొండలపై జరిగిన ‘ఫోర్ ఇన్స్’ అను పోటీనడకలో యువకులు చిన్నజట్లుగ సాగిరి. వానగాలిలో ముగ్గురు మరణించిరి. మెల్లగ నడచువాని వేగమే గుంపు వేగమను నియమము పోటీలో నిలుచుట కష్టము. లోవుడ్ వరుసలో మిస్ టెంపుల్ చేసిన పని యొక్క విలువ ఇట్టిచోట తెలియును.

హావర్త్ నుండి టాప్ విదెన్స్ అను శిథిలగృహమునకు నడచుట నేడు సాహిత్యయాత్ర. హీత్‌క్లిఫ్ ఇల్లు అదియేయని నమ్మి పోవువారే యెక్కువ. అచట బ్రాంటె సంఘము 1964లో నిలిపిన ఫలకము, ఆ భవనము చెడక నిలిచిన నాడును నవలలోని యింటిని పోలియుండలేదని నిర్మొగమాటముగ చెప్పుచున్నది. చుట్టును జలాశయములు కలవు: పాండెన్, లోయర్ లెయిత్, వాల్షా డీన్. మూడును ఎమిలీ మరణించిన 1848 తరువాత కట్టినవే; ఆమె చూచిన మూర్ నేలలో ఆ నీరు లేదు. నవలలోని స్థలమును కన్నులార చూచితిమని వ్రాయు యాత్రికుడు, ఆమె యెరుగని నీటిని ఆమె ప్రకృతిలో కలిపి వ్రాయుచున్నాడు. కలిసి నడచువారి చిన్నపుస్తకములలో కట్టిన సంవత్సరము, నీరు పోవు నగరము ఉండును. పాఠపరిష్కరణమున ప్రక్షిప్తమును వేరుచేయు విద్య మనకున్నది. స్థలము నెదుట దానిని మరచుట యెందుకో!

డెర్వెంట్ గ్రామమున ఒక పాత రాతివంతెన యుండెను. బరువుగుర్రములు దాటుటకై కట్టిన ఇరుకైన వంతెన. ఊరు మునుగకముందు దానిని రాయిరాయిగ విప్పి, 1959లో హౌడెన్ జలాశయమునకు ఎగువన, స్లిప్పరీ స్టోన్స్ అనుచోట మరల కట్టిరి. అది జాన్ డెర్రీ అను షెఫీల్డు పత్రికాసంపాదకుని స్మారకము. ‘అక్రాస్ ది డెర్బీషైర్ మూర్స్’ అను చిన్న మార్గదర్శిని వ్రాసినవాడాయన. నడకపుస్తకము వ్రాసినవానికి విగ్రహమును కాక, కాలికి పనికివచ్చు వంతెనను స్మారకముగ నిలిపిరి. ఆ జాతి వచనము నెరిగినవారే చేయగల పని యిది.

వార్డ్ సంపుటములనుండి స్థలనామములు, మూతబడిన బాటలు, కాపరుల మాటలు వేరుచేసి సమగ్రముగ పరిశీలింపదగియున్నవి. యాత్రావాఙ్మయముపై పనిచేయు మన విద్యార్థులకు అందుండి పద్ధతి దొరకును. పెన్నైన్ వే మీద వైన్‌రైట్ నిందించిన పీటు నేడు చాలచోట్ల కాలికి తగులదు. నడచువారి కాళ్ళక్రింద నేల కరగిపోవుచుండగ, గత శతాబ్ది చివరిభాగమునుండి దారి పొడవున రాతిపలకలు పరచిరి. వానిలో పెక్కు కూల్చిన నూలుమిల్లుల నేలలనుండి తెచ్చినవి. వారమంతయు ఆ పలకలపై నిలిచి పనిచేసి ఆదివారము మూర్ నేలకు పోయినవారుందురు. చలికాలమున ఆ పలకలపై మంచు గడ్డకట్టి అద్దమువలె జారును. అప్పుడు గుంపులు వానిని విడిచి, ప్రక్కనున్న బిగిసిన పీటుపై, ఒకరి వెనుక నొకరు నడచిపోవుదురు.